చూసేవాడు లేని నవ్వు

మా చిన్న మామూ బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. బేతంచెర్లలో మా గల్లీ మగవాళ్ళు చాలామంది చేసే పనే అది. సాయంత్రానికి నెత్తిమీదా కనుబొమల మీదా నాపరాయి దుమ్ము తెల్లగా పేరుకుని, ముప్ఫై ఏళ్ళ మనిషి అరవై ఏళ్ళవాడిలా ఇంటికొచ్చేవాడు. మాట తక్కువ. పెళ్ళిళ్ళలో కూడా ఆయన గట్టిగా నవ్వగా నేను చూడలేదు. అలాంటి మామూ ఒకసారి సినిమా హాల్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

సినిమా 'రోజా'. 1992లో మణిరత్నం తమిళంలో తీసింది. తెలుగు డబ్బింగు మా దగ్గరికి వచ్చేసరికి బాబ్రీ మసీదు కూలిపోయి ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయి. తీవ్రవాదులు జెండాకు నిప్పు పెడతారు. హీరో ఆ మంటమీద పడి తన ఒంటితో ఆర్పుతాడు. అదే సమయంలో వాళ్ళలో ఒకడు పట్టనట్టు నమాజు చేసుకుంటూ ఉంటాడు. ఈ సినిమా దేశభక్తిని ఎవరి బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టి చూపిస్తోందని 1994లో తేజస్విని నిరంజన వంటివారు పెద్ద చర్చే లేవదీశారు. ఆ చర్చలేవీ మా ఊరిదాకా రాలేదు. మా హాల్లో వచ్చింది ఈలలు, చప్పట్లు. అప్పుడు మామూ లేచాడు. అందరికంటే గట్టిగా కొట్టాడు. అందరూ ఆపినాక కూడా కొట్టాడు. కొడుతున్నప్పుడు ఆయన తెరవైపు చూడలేదు. పక్క వరుసవైపు చూశాడు.

మామూకు దేశం మీద ప్రేమ లేదని కాదు. ఈ దేశం రాయిని కోసి, నున్నగా చేసి, ఎవరెవరి ఇండ్లకో నేలగా పరిచిన మనిషి. ఉన్న ప్రేమను కూడా సాక్షుల ముందు రుజువు చేసుకోవాల్సి రావడం గురించి నేను మాట్లాడుతున్నాను. మీరు సినిమాకు వెళ్తే సినిమా చూస్తారు. మేం సినిమాకు వెళ్తే మేం సినిమాను చూస్తాం, మమ్మల్ని పక్కవరుస చూస్తుంది. ఎక్కడ చప్పట్లు కొట్టామో, ఎక్కడ కొట్టలేదో లెక్క రాసుకుంటున్నట్టే ఉంటుంది. ఎవరూ రాసుకోకపోవచ్చు. కానీ రాసుకుంటున్నారన్న భయం చాలు, మనిషి చేతులు తనవి కాకుండా పోవడానికి.

చూసేవాడు లేకుండా సినిమా చూడటమంటే ఏమిటో నాకు పరాయి దేశంలో తెలిసింది.

బి.ఏ. చదివి, కర్నూల్లో ఒక పేపరుకు లైను లెక్కన వార్తలు రాసి, ఆ లైన్లతో చెల్లెలి పెళ్ళి కాదని తేలినాక, 2008లో రియాద్ పోయాను. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైంకీపర్ పని. బత్హా దగ్గర ఒక గదిలో ఆరుగురం. ఇద్దరు హైదరాబాదు పాతబస్తీ వాళ్ళు, కడప నుంచి ఒక రెడ్డి, గుంటూరు నుంచి ఒక ఎలక్ట్రీషియన్, నంద్యాల వైపు నుంచి ఒక దూదేకుల పిల్లవాడు, బేతంచెర్ల నుంచి నేను. అసలు పేర్లు ఇఖామా కార్డుల మీదే ఉండేవి. గదిలో మమ్మల్ని ఊర్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం.

సౌదీలో అప్పుడు సినిమా హాళ్ళు లేవు. 1980ల మొదట్లో మూతపడినవి 2018 ఏప్రిల్లోగాని తిరిగి తెరుచుకోలేదు. కాబట్టి మా హాలు మా గదే. మాకు శుక్రవారం సెలవు. గురువారం రాత్రి వంట వంతు కడపది. ఆయన ఊరిబిండి నూరేవాడు, పాతబస్తీ వాళ్ళు మాంసం వండేవాళ్ళు. తిన్నాక గోడకు దుప్పట్లు చేర్చి డీవీడీ పెట్టేవాళ్ళం. ఎన్ని సినిమాలు చూశామో లెక్కలేదు. మళ్ళీ మళ్ళీ చూసింది మాత్రం ఒకటే. 'ది అంగ్రేజ్'.

కుంట నిఖిల్ తీసిన చిన్న సినిమా అది. అమెరికా నుంచి ఉద్యోగానికి హైదరాబాదు వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఒకవైపు. చార్మినార్ దగ్గర పొద్దస్తమానం కూర్చుని కబుర్లు చెప్పే ఇస్మాయిల్ భాయ్, ఆయన గ్యాంగు ఒకవైపు. ఆ గ్యాంగులో సలీం ఫేకూ అని ఒకడు, నోరు తెరిస్తే గొప్పలే. పెద్ద కథ లేదు, పెద్ద స్టార్లు లేరు. ఉన్నదంతా మాట. దక్కనీ మాట. బొంబాయి సినిమా ఇస్త్రీ చేయని మాట. హైదరాబాదీలు ఎక్కడ ఉంటే అక్కడికి సీడీల మీద ఈ సినిమా పోయింది. చికాగోకు పోయింది, జిద్దాకు పోయింది.

ఇలాంటివాటిని కల్ట్ సినిమాలంటారు. 'మాయాబజార్' అందరిదీ, అది కల్ట్ కాదు. కొద్దిమంది ఒక సినిమాను సొంతం చేసుకుని, కంఠతా పట్టి, దాని మాటలతోనే ఒకరినొకరు గుర్తుపట్టుకుంటే అది కల్ట్. 1976 నుంచి న్యూయార్కులో 'రాకీ హారర్ పిక్చర్ షో'కు అర్ధరాత్రి ఆటలు వేసేవాళ్ళట. జనం తెరమీది పాత్రల వేషాలు వేసుకొచ్చి, తెరతోపాటు గట్టిగా మాట్లాడేవాళ్ళట. బయట లోకంలో ఇమడనివాళ్ళు అక్కడ ఇమిడేవాళ్ళు. మా గదీ అంతే. వేషాలు వేసుకోవాల్సిన అవసరం మాత్రం మాకు లేదు. తెరమీద ఉన్న వేషం మాదే.

మొదటిసారి చూసిన రాత్రి నేను కడుపు పట్టుకుని నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. నవ్వుతూ నవ్వుతూ ఒక్క క్షణం అలవాటుగా పక్కకు చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ తెరనే చూస్తున్నారు. సైట్లో మమ్మల్ని అందరూ ఒకే పేరుతో పిలిచేవాళ్ళు, 'హిందీ' అని. కఫీలు ముందు కడప రెడ్డీ నేనూ ఒకటే. ఆ దేశంలో నేను మెజారిటీ మతంవాణ్ణి, కానీ నాకు దొరికిన స్వేచ్ఛ మతం ఇచ్చింది కాదు. ఆరుగురమూ సమానంగా చిన్నవాళ్ళం కావడం వల్ల వచ్చింది.

దక్కనీ నవ్వు కొత్తది కాదు. 1965లో 'గుమ్‌నామ్'లో మహమూద్ బట్లరు వేషంలో ఈ భాషే మాట్లాడాడు. దేశమంతా నవ్వింది. అప్పటినుంచి హిందీ సినిమాకు దక్కనీ అంటే వంటవాడి భాష, జోకరు భాష. 1974లో శ్యాం బెనెగల్ 'అంకుర్'లో తెలంగాణ పల్లె మనుషుల నోట ఆ యాస పెట్టి ఏడిపించేదాకా ఆ భాషకు దుఃఖం కూడా ఉందని బొంబాయికి తెలియదు. మాకు తెలుసు. సులేమాన్ ఖతీబ్ మా చిన్నప్పుడు ప్రతి ముషాయిరా క్యాసెట్టులో వినపడేవాడు. కట్నాల గురించీ అత్తాకోడళ్ళ గురించీ మొదలుపెట్టి పకపకా నవ్వించి, చివరికి ఆడపిల్ల తండ్రిని తలచుకునేలా చేసి వదిలేవాడు. మా అబ్బా ఆ క్యాసెట్టు వింటూ నవ్వేవాడు, తర్వాత లేచి బయటికి పోయేవాడు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు మరి. దక్కనీలో నవ్వు దుఃఖానికి ముందుగది.

ఇక్కడిదాకా ఇది సంతోషమైన కథ. ఇక్కడితో ఆపితే మన సామరస్యం గురించి ఒక మంచి వ్యాసమయ్యేది. కానీ గది తలుపు తెరిస్తే సైటు ఉంది.

ఒకరోజు ఇండియా నుంచి కొత్త బ్యాచ్ దిగింది. ఇరవైమంది దాకా తెలుగువాళ్ళు. నేను హాజరు పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. గుంటూరు మిత్రుడు వాళ్ళను తీసుకొచ్చి, "ఈయనే మన ఇస్మాయిల్ భాయ్, ఈయన దగ్గరే హాజరు వేయించుకోవాలి" అని, సినిమాలోలాగే చెయ్యి తిప్పుతూ యాస పెట్టి రెండు మాటలన్నాడు. ఇరవైమందీ నవ్వారు. వాళ్ళలో ఒక్కడూ ఆ సినిమా చూసినవాడు కాదు. వాళ్ళు ఇస్మాయిల్ భాయ్‌ని చూసి నవ్వలేదు. సాయిబును చూసి నవ్వారు. ఆ వారమంతా నేను హాజరు పిలిస్తే వెనక వరుసలోంచి ఎవడో ఒకడు అదే యాసలో "హౌ భాయ్" అనేవాడు.

ఆ గురువారం నేను సినిమా పెట్టనివ్వలేదు. గుంటూరుకు అర్థం కాలేదు. "అదేంటన్నా, గదిలో నువ్వే కదా అందరికంటే ఎక్కువ నవ్వింది? అదే మాట నేనంటే తప్పేంటి?" అన్నాడు. నిజంగానే అడిగాడు. వెటకారం లేదు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కోపం ఉంది. ఈ వ్యాసం ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే. మనల్ని మనం చూసి నవ్వుకునే నవ్వు ఎవరి ఆస్తి? అందులోకి పక్కవాడు ఎంతదాకా రావచ్చు?

తేలిగ్గా దొరికే జవాబులు రెండున్నాయి. మొదటిది, నవ్వు నవ్వే, దానికి కులం మతం అంటగట్టకండి అనేది. ఇది ఎక్కువగా నవ్వేవాళ్ళు చెప్పే జవాబు. ఒకే జోకు ఇద్దరికీ ఒకే ధరకు దొరకదు. సైట్లో యాస పెట్టి మాట్లాడిన మిత్రుడు ఊరికి తిరిగొచ్చి ఏ టౌన్లోనైనా అద్దె ఇల్లు వెతుక్కోగలడు. నేను పేరు చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇంటికి "మా చుట్టాలెవరో వస్తున్నారండీ" అని తాళం పడుతుంది. నాకు రెండుసార్లు పడింది. తెలుగు సినిమాలో సాయిబు తరతరాలుగా "మా అమ్మ వచ్చాడు" అంటూనే ఉన్నాడు. భాషలో లింగం తప్పితే నవ్వు రావడం సహజమే. కానీ యాభై ఏళ్ళపాటు సాయిబు నోట ఆ తప్పొక్కటే పలికిస్తే అది జోకు కాదు, చిరునామా.

రెండో జవాబు, మా నవ్వు మాది, బయటివాళ్ళు ముట్టుకోవద్దు అనేది. మా తరం మైనారిటీ రచయితల్లో కొందరికి ఇష్టమైన జవాబు. నేనూ కొన్నాళ్ళు దీన్నే పట్టుకు తిరిగాను. దీన్ని మొదట దెబ్బకొట్టింది ఆ సినిమానే. ఇస్మాయిల్ భాయ్ వేషం వేసినాయన పేరు ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. పాతబస్తీ పిల్లలు తమ మామలా, తమ గల్లీ పెద్దలా నెత్తిన పెట్టుకున్న మనిషి సాయిబు కాదు. సలీం ఫేకూ వేసినాయన మస్త్ అలీ. ఒకే తెరమీద ఒకే భాషలో ఇద్దరూ. పుట్టుకే హక్కయితే ఈ ఇద్దరిలో ఒకరి నవ్వు దొంగదనాలి. పాతబస్తీలో ఎవరూ అనలేదు.

రెండో దెబ్బ కొట్టింది కడప. ఒక రాత్రి మా ఇద్దరమే వంట చేసుకుంటున్నప్పుడు అన్నాడు. "నిన్ను ఇస్మాయిల్ అంటే వారం రోజులు మాట్లాడకపోతివి. నన్ను రెండేండ్ల నుంచి సుమో అని పిలుస్తాండారు. ఆ పేరు పెట్టింది ఎవురు?"

పెట్టింది నేనే. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. ఆ నాలుగైదేళ్ళలో తెలుగు తెర మా సీమను కత్తులతో, బాంబులతో, గాల్లోకి లేచే సుమోలతో నింపేసింది. కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతా చూసింది ఒక విలన్ అడ్డాగా. కడప రెడ్డి తండ్రి వేరుశనగ రైతు. వానల్లేక అప్పులపాలైతే ఆయన రియాద్ వచ్చాడు. సుమో కాదు, సైకిలు కూడా లేని ఇల్లు. నేను అదే సీమ వాణ్ణి. అయినా ఫ్యాక్షన్ సినిమా చూస్తూ ఆయనకు ఆ పేరు పెట్టాను. ఎందుకంటే ఆ సినిమాల్లో నాకు వేషం లేదు. ఒక్కసారైనా తెరమీద ఇంకొకరు దోషి. ఆ తీపి నాకు తెలుసు, ఒప్పుకుంటున్నాను.

ఇంతకంటే బరువైంది ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే మామూ చప్పట్లలాగే ఉంటుంది.

నంద్యాల పిల్లవాడు దూదేకుల. నూర్‌బాషాలు, పింజారీలు అని కూడా అంటారు. పత్తి ఏకే వృత్తి, ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ. ఉర్దూ అంతంతమాత్రం. బీసీ-బీ జాబితాలో వాళ్ళుంటారు, పెళ్ళి సంబంధాల జాబితాలో మా వాళ్ళు వాళ్ళను ఉంచరు. ఆ పిల్లవాడు పాతబస్తీ వాళ్ళతో కలవాలని ఉర్దూలో మాట్లాడేవాడు. ఒకసారి ఫోను పెట్టేసి సంతోషంగా "మేరా అమ్మ ఆయా" అన్నాడు. వాళ్ళమ్మ ఫోను దగ్గరకొచ్చి మాట్లాడిందట. గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. నిజానికి పాతబస్తీ వాళ్ళు అప్పటిదాకా నా ఉర్దూను చూసి నవ్వేవాళ్ళు. 1800లో నిజాం మా జిల్లాలను కుంఫిణీకి వదిలేశాక మా ఉర్దూ హైదరాబాదు దర్బారుకు దూరమై తెలుగు సంతల్లో పెరిగింది. అది వాళ్ళ చెవులకు మోటు. లక్నో వాడు హైదరాబాదును చూసి నవ్వుతాడు, హైదరాబాదు బేతంచెర్లను చూసి నవ్వుతుంది, బేతంచెర్లకు చివరికి ఒక దూదేకుల దొరికాడు. ఆ రోజునుంచి ఏడాదిపాటు "మేరా అమ్మ ఆయా" మా గది జోకు. అది తెలుగు సినిమా సాయిబు "మా అమ్మ వచ్చాడు"కు అచ్చంగా తిరగేసిన బొమ్మ అని నాకు తట్టలేదు. భాషలు రెండు తెలిసి, పేపర్లో పనిచేసి, బి.ఏ. చదివి కూడా తట్టలేదు.

ఆ పిల్లవాడు 2011లో ఎగ్జిట్ మీద వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందురోజు రాత్రి సామాను కట్టడానికి సాయం చేస్తూ, ఇన్నాళ్ళూ నవ్వినందుకు ఏమీ అనుకోవద్దని అన్నాను. వాడు తాడు బిగిస్తూనే అన్నాడు. "యేమనుకుంటాన్నా. మీరు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వినా కదా. నవ్వకుంటే బయటపడిపోతా అని నవ్వినా."

నాకు మామూ గుర్తొచ్చాడు. అందరూ ఆపినాక కూడా కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. ఇరవై ఏళ్ళుగా నేను పక్కవరుస అంటే ఎప్పుడూ వేరేవాళ్ళే అనుకున్నాను. చూసేవాడు లేని గది అని ఇంతసేపూ మీకు చెప్పిన ఆ గదిలో ఒకడు ప్రతి గురువారం భయపడుతూ నవ్వాడు. వాడికి చూసేవాణ్ణి నేను.

ఇప్పుడు గుంటూరు ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. నవ్వే హక్కు పుట్టుకతో రాదు, పుట్టుకతో పోదు. నవ్వినవాడు నవ్వు తర్వాత ఎక్కడ ఉంటాడన్నదే లెక్క. గదిలో నవ్విన గుంటూరు అదే గదిలో నాతో తిని, నాకు జ్వరం వస్తే మందు తెచ్చి, మళ్ళీ గురువారం నా పక్కనే కూర్చునేవాడు. ఆ నవ్వుకు పూచీ ఉంది. సైట్లో ఆయన ఆ నవ్వును ఇరవైమందికి పంచిపెట్టి పక్కకు తప్పుకున్నాడు. వాళ్ళకు నాతో తిండి లేదు, జ్వరం లేదు. ఆ నవ్వుకు పూచీ లేదు. రెంటికీ తేడా మాటలో లేదు, మనిషిలో కూడా లేదు. అందుకే ఆయనకు అప్పుడు అర్థం కాలేదు, నాకు చెప్పడం రాలేదు. ఇంకొక పరీక్ష కూడా ఉంది. ఆ గదిలో ఎవడైతే నవ్వబడుతున్నాడో వాడికి నవ్వకుండా కూర్చునే వీలుందా? ఇస్మాయిల్ భాయ్ దగ్గర నాకు ఆ వీలుంది. ఒక గురువారం నేను సినిమా వద్దన్నాను, అది చెల్లింది. నంద్యాల పిల్లవాడు వద్దంటే చెల్లేదా? వాడు అడిగిచూసే ధైర్యం కూడా మేం మిగల్చలేదు.

ఈ మాట మెజారిటీకి చెప్పడం నాకు తేలిక. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాం. ఇంకా చెప్పాలి కూడా. కానీ అస్తిత్వం గురించి రాసేవాడు తనకంటే కిందిమెట్టు మీద ఎవరున్నారో చూడకుండా పైమెట్టు వైపే వేలు చూపిస్తే, వాడు అడుగుతున్నది న్యాయం కాదు, ఒక మెట్టు పైకి జాగా.

2012లో తిరిగొచ్చేటప్పుడు ఆ డీవీడీ బేతంచెర్లకు తెచ్చాను. మామూకు అప్పటికి ఊపిరితిత్తులు దెబ్బతిని ఫ్యాక్టరీ మానేశాడు. గోడకు ఆనుకుని కూర్చుని చూశాడు. నవ్వాడు. నేను మొదటిసారి విన్నాను ఆయన నవ్వు. సగం నవ్వు, సగం దగ్గు. పక్కకు చూడలేదు. సినిమా అయిపోయాక అడిగాడు.

"ఈ ఇస్మాయిల్ వేసినాయన మనోడేనా?"

కాదు మామూ అని పేరు చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"అయితే ఆయప్ప మనోళ్ళతో శానా రోజులు కూర్చోనుంటాడు. ఊరికే రాదు ఆ మాట" అన్నాడు.

మామూ ఇప్పుడు లేడు. నంద్యాల పిల్లవాడి ఫోన్ నంబరు నా దగ్గర ఇంకా ఉంది. ఒకసారి పోయి వాడి దగ్గర కూర్చోవాలి. ఈ వ్యాసం రాయడం అయిపోయింది కాబట్టి ఇక సాకు లేదు.